వాటాదారుకు జవాబు చెప్పే కంపెనీ, షేరు ధర చూసుకునే కంపెనీ

(విజయవాడ మొగల్రాజపురంలో కామర్స్ విద్యార్థుల కోసం, చిన్న మదుపరుల కోసం జరిగిన సభలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న సీఏ, బీకాం పిల్లలకు, పని మానుకుని వచ్చిన మదుపరులకు నమస్కారం.

యాజమాన్యం వాటాదారులను పట్టించుకుంటే కంపెనీ బాగుపడుతుందా అన్నది నాకిచ్చిన అంశం. అవునని చెప్పేవాళ్లున్నారు, కాదని చెప్పేవాళ్లున్నారు. ఇద్దరి దగ్గరా పరిశోధనలున్నాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆడిట్లు చేస్తున్నాను. ఈ పనిలో నాకు బోధపడింది ఏమిటంటే, వాటాదారును పట్టించుకుంటున్నామని చెప్పే కంపెనీలన్నీ ఒకే పని చేయవు. కొన్నిచోట్ల యాజమాన్యం పొద్దున లేస్తే షేరు ధర చూసుకుంటుంది, మూడు నెలలకోసారి వచ్చే లాభం అంకె చుట్టూ మొత్తం కంపెనీని తిప్పుతుంది. ఇంకొన్నిచోట్ల యాజమాన్యం తన పని తాను చేసుకుపోతుంది, కానీ వాటాదారు లెక్క అడిగితే దాచకుండా చెబుతుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పదేళ్లు గడిచాక ఒకటి నిలబడుతుంది, రెండోది కూలుతుంది. ఈ తేడా మీకు పట్టుబడాలని నా తాపత్రయం.

ఇది ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఉంది. 2020 మార్చిలో దేశంలో షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. మన ప్రాంతంలో డబ్బు చేతికొస్తే పొలం, బంగారం, చీటీ, లేకపోతే వడ్డీకి ఇవ్వడం, ఇవే తెలుసు. ఇప్పుడు బెంజి సర్కిల్లో టీ తాగుతున్న కుర్రాడు కూడా సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే మదుపు) గురించి మాట్లాడుతున్నాడు. సంతోషమే. కానీ ఆ కుర్రాడిని, నీ దగ్గరున్న కంపెనీకి ఛైర్మన్ ఎవరు, అప్పెంత, ఆడిటరు ఏం రాశాడు అని అడిగి చూడండి. ధర మాత్రం పైసలతో సహా చెబుతాడు. యజమానులు ధర ఒక్కటే చూస్తుంటే, వాళ్ల దగ్గర పనిచేసే యాజమాన్యం కూడా ధర ఒక్కటే చూస్తుంది. తప్పు ఒక వైపే లేదు.

ఈ సమస్య కొత్తదేమీ కాదు. 1776లోనే ఆడమ్ స్మిత్ రాశాడు: కంపెనీ డైరెక్టర్లు చూసుకునేది ఇతరుల డబ్బు, సొంత డబ్బును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకుంటారని ఆశించలేం అని. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో, చట్టానికి, మర్యాదకు లోబడి యజమానులకు లాభం పెంచడమే కంపెనీ నడిపేవాడి బాధ్యత అన్నాడు. 1976లో జెన్సన్, మెక్లింగ్ అనే ఇద్దరు ఆచార్యులు, యజమాని ఒకరు, నడిపేవాడు ఒకరు అయినచోట వచ్చే నష్టం ఎంతన్నది సిద్ధాంతంగా కట్టారు. సీఏ పిల్లలు ఏజెన్సీ థియరీ అని చదువుకునేది అదే. దానికి మందుగా అమెరికాలో ఏం చేశారంటే, మేనేజర్ల జీతాన్ని షేరు ధరకు కట్టేశారు. స్టాక్ ఆప్షన్లు, అంటే ముందే ఖరారైన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు ఇచ్చారు. షేరు పెరిగితే నీకూ లాభం, మాకూ లాభం అన్నారు. వినడానికి చాలా న్యాయంగా ఉంది.

అందులో ఇబ్బంది ఎక్కడుందో మన పొలాల్లో చూడండి. తెనాలి దగ్గర నాలుగెకరాలుంటాయి, యజమాని హైదరాబాదులో ఉంటాడు, పొలం కౌలుకిస్తాడు. యజమాని ఏడాదికోసారి ఫోన్ చేసి, ఎకరానికి ఎన్ని బస్తాలు ఇస్తావు, పక్కవాడు రెండు బస్తాలు ఎక్కువిస్తానంటున్నాడు అని మాత్రమే అడిగితే, కౌలుదారు ఏం చేస్తాడు? జీలుగ, పిల్లిపెసర చల్లి దున్నడు. చెరువు మట్టి తోలించడు. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. యూరియా బస్తా ఎక్కువ వేసి ఈ ఏడు కౌలు గింజలు కొలిచేస్తాడు. యజమానికి బస్తాలు అందుతూనే ఉంటాయి, భూమి మాత్రం చౌడుబారుతూ ఉంటుంది. అదే యజమాని పొలానికి వచ్చి, గట్టు మీద నిలబడి, నీళ్లు అందుతున్నాయా, కాలవ పూడిక తీశారా, పోయిన ఏడు తెగులు ఎందుకొచ్చింది అని అడిగి, నాలుగేళ్లు నువ్వే చేసుకో అంటే, ఆ రైతు చేసే సేద్యం వేరుగా ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ రైతు యజమానినే దృష్టిలో పెట్టుకున్నాడు. ఫలితం ఎందుకు మారిందో మీకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక పరిశోధనల సంగతి. రెండింటిని పక్కపక్కన పెడతాను, మొదట ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తాయి.

2003లో గాంపర్స్, ఇషి, మెట్రిక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు సుమారు 1,500 అమెరికన్ కంపెనీలను పరిశీలించారు. వాటాదారుల హక్కులు ఎక్కువున్న కంపెనీలేవి, యాజమాన్యం తన చుట్టూ కంచె కట్టుకుని కూర్చున్న కంపెనీలేవి అని లెక్కగట్టారు. 1990లలో హక్కులు బాగా బలంగా ఉన్న కంపెనీలను కొని, బాగా బలహీనంగా ఉన్నవాటిని అమ్మినవాడికి ఏడాదికి 8.5 శాతం అదనపు రాబడి వచ్చేదని తేలింది. తర్వాత వేరే పరిశోధకులు చూస్తే, 2000 తర్వాత ఆ అదనం కనిపించలేదు. మార్కెట్ ఆ సంగతి నేర్చుకుని ధరలోనే సర్దేసుకుంది అన్నారు. అయినా మొదటి పాఠం పోలేదు. ప్రశ్నించే హక్కు ఉన్నచోట కంపెనీ విలువ ఎక్కువ.

2008లో వచ్చిన రెండో పరిశోధన 17 దేశాల్లో 520 సంస్థలది. సీఈఓ నిర్ణయాలు తీసుకునేటప్పుడు దేనికి పెద్దపీట వేస్తాడని అడిగారు. లాభం, ఖర్చు, అమ్మకాలు లాంటి ఆర్థిక అంశాలకా? లేక ఉద్యోగులు, కొనుగోలుదారులు, చుట్టూ ఉన్న సమాజం లాంటివాళ్లకా? తర్వాత ఆ సీఈఓ కింద పనిచేసేవాళ్లను విడిగా అడిగారు, మీ బాస్ ఎలాంటివాడు అని. లాభమే ముందు అనుకునే బాస్‌ను కింది వాళ్లు నిరంకుశుడిగా చూశారు. అందరినీ లెక్కలోకి తీసుకునేవాడిని ముందుచూపు ఉన్న నాయకుడిగా చూశారు. అలాంటి నాయకుడి కింద జనం తమ డ్యూటీకి మించి పనిచేశారు. ఆ అదనపు శ్రమకూ, సంస్థ మంచి ఫలితాలకూ సంబంధం కనిపించింది.

ఒకటేమో వాటాదారుకు బలం ఉండాలంటోంది. ఇంకోటేమో లాభాన్నే తలకెత్తుకున్న నాయకుడి కింద మనుషులు మనసుపెట్టి పనిచేయరంటోంది. నాకు ఇందులో వైరుధ్యం కనపడదు. ప్రశ్నించే హక్కు, దించే హక్కు వాటాదారు చేతిలో ఉండాలి. యాజమాన్యం కళ్లు మాత్రం సరుకు మీద, కొనేవాడి మీద, పనిచేసేవాడి మీద ఉండాలి. లాభం ఆ పని నుంచి వస్తుంది. లాభాన్నే పనిగా పెట్టుకుంటే ఆ పని పాడవుతుంది.

ఎంత పాడవుతుందో చెప్పే అంకె ఒకటుంది. 2005లో అచ్చయిన ఒక సర్వేలో 401 మంది ఆర్థిక విభాగం అధికారులను అడిగారు. ఈ క్వార్టర్ (మూడు నెలల) లాభం అంచనాకు కాస్త తగ్గేలా ఉంటే ఏం చేస్తారు? ఎనభై శాతం మంది, పరిశోధన మీద, ప్రకటనల మీద, మరమ్మతుల మీద ఖర్చు తగ్గిస్తామన్నారు. సగానికి పైగా, కంపెనీకి కొంత నష్టమైనా సరే కొత్త ప్రాజెక్టు వాయిదా వేస్తామన్నారు. వాళ్లు దొంగలు కారు. చదువుకున్నవాళ్లు, మన ముందు వరసలో కూర్చున్న పిల్లలు రేపు కాబోయేవాళ్లు. నాకు బాధ కలిగించేది అదే. ఎవరూ నేరం చేయకుండానే, లెక్కలన్నీ చట్టప్రకారమే ఉండగానే ఒక కంపెనీ లోపల్నుంచి గుల్లయిపోతుంది.

బోయింగ్ చూడండి. విమానం అంటే బోయింగ్ అనే పేరున్న సంస్థ. 2013 నుంచి 2019 మధ్య సొంత షేర్లు తిరిగి కొనడానికి 4,300 కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టింది. షేరు ధర ఆకాశానికి వెళ్లింది. అదే కాలంలో, పూర్తిగా కొత్త విమానం చేయకుండా పాత 737 నమూనాకే పెద్ద ఇంజన్లు పెట్టి మ్యాక్స్ అని తెచ్చారు. ఒక సాఫ్ట్‌వేర్ దాని ముక్కును కిందికి నొక్కుతుందన్న సంగతి పైలట్ల మాన్యువల్‌లో కూడా పెట్టలేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో ఒకటి, 2019 మార్చిలో ఇథియోపియాలో ఒకటి కూలాయి. 346 మంది చనిపోయారు. ఆ తర్వాత వాటాదారులు కూడా భారీగా పోగొట్టుకున్నారు. చనిపోయినవాళ్ల సంగతి లెక్కల్లో రాయలేం.

జాన్సన్ అండ్ జాన్సన్ కథ రెండు ముక్కల్లో చెబుతాను. 1943లో, ఆ కంపెనీ స్టాక్ ఎక్స్చేంజికి రాకముందే, రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ రాసి పెట్టాడు. మా మొదటి బాధ్యత డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రులు, తల్లుల పట్ల. తర్వాత ఉద్యోగులు, ఆ తర్వాత సమాజం, చివర వాటాదారులు. మిగతా పనులన్నీ సరిగ్గా చేస్తే వాటాదారుకు న్యాయమైన రాబడి వస్తుందని రాశాడు. 1982లో షికాగోలో ఎవరో ఆ కంపెనీ అమ్మే టైలెనాల్ నొప్పి మాత్రల్లో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. కంపెనీ తప్పు లేదు. అయినా దేశమంతటి నుంచి 3 కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు. కొద్ది కాలానికే ఆ మందు మళ్లీ మార్కెట్లో ముందుకొచ్చింది. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అయితే టాల్కం పౌడరు విషయంలో వేలమంది అదే కంపెనీ మీద కోర్టుకెక్కారని కూడా మీరు తెలుసుకోవాలి. గోడ మీద మంచి మాట రాసి పెడితే సరిపోదు. ప్రతి తరంలో దాన్ని గుర్తుచేసేవాడు, అడిగేవాడు ఉండాలి.

ఇప్పుడు మన ఇంటి విషయానికి వస్తాను. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం గురించి మాట్లాడకుండా తెలుగు నేల మీద ఈ అంశం పూర్తికాదు.

ఆ రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మా అబ్బాయి సత్యంలో చేస్తున్నాడు అంటే పెళ్లి సంబంధాల్లో చర్చ అక్కడితో ఆగిపోయేది. యాభై వేల మందికి పైగా ఉద్యోగులు, న్యూయార్క్‌లో లిస్టింగ్. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2008 డిసెంబరు 16న బోర్డు కూర్చుని, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్ఫ్రాలో మెజారిటీ వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. యాజమాన్యంతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టర్లు సహా అందరూ సరే అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నగదు తీసుకెళ్లి సొంతవాళ్ల రియల్ ఎస్టేట్‌లో పెడతారా అని మదుపరులు ఒక్కసారిగా లేచారు. న్యూయార్క్‌లో షేరు సగానికి సగం పడింది. తెల్లారేసరికి తీర్మానం వెనక్కి తీసుకున్నారు.

మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. 2008 జులై నుంచి సెప్టెంబరు వరకు ఆదాయం 2,700 కోట్లని, నిర్వహణ లాభం 24 శాతమని చూపించారు. అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. అంటే 3 శాతం. ఆ ఒక్క రోజులో షేరు విలువ ముప్పావు వంతుకు పైగా పోయింది.

విద్యార్థులు ఆ ఉత్తరాన్ని తప్పకుండా చదవాలి. మొదట చిన్న తేడాగా మొదలైందని అందులో ఆయనే రాశారు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య కొద్దిపాటి అంతరం. ఏటికేడు అది పెరిగి చేయిదాటిపోయింది. ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టి నడిపించేవాళ్ల చేతిలో వాటా తక్కువ, ఫలితాలు బాగా లేకపోతే ఎవరైనా కంపెనీని చేజిక్కించుకుంటారు, అప్పుడు ఈ అంతరం బయటపడుతుంది అన్న భయం కూడా ఆయనే చెప్పుకున్నారు. గమనించండి, ఆ యాజమాన్యానికి షేరు ధర మీద ధ్యాస లేదని ఎవరూ అనలేరు. ప్రతి క్వార్టర్ మార్కెట్ ఆశించిన అంకె చూపించాలనే ధ్యాసే అంత దూరం తీసుకెళ్లింది. లేనిదల్లా వాటాదారుకు నిజం చెప్పడం. ఒక క్వార్టర్ బాగా లేదు, కారణం ఇది అని చెప్పే ధైర్యం మొదట్లోనే ఉండి ఉంటే, షేరు కొంత పడి మళ్లీ లేచేది.

కంపెనీ మాత్రం చావలేదు. ప్రభుత్వం బోర్డును తీసేసి కొత్తవాళ్లను వేసింది, 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. రాత్రీపగలూ పనిచేసిన పిల్లలు, వాళ్లను నమ్మిన కస్టమర్లు దాన్ని బతికించారు. విలువ ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు, మాకెందుకు అంటారేమో. గుంటూరు వైపు హైవే పక్కన ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ గురించి చెబుతాను, పేరు చెప్పను. చాలా కుటుంబాలు తలా కొంత వేసుకుని పెట్టిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. వాటాదారుల్లో ఎక్కువమంది మిర్చి రైతులే, వాళ్ల సరుకూ అక్కడే పెడతారు. అప్పటి ఎండీ గారు వాటాదారులను బాగా చూసుకునేవారు. ఏటా డివిడెండు, అంటే లాభంలో వాటా, ఠంచనుగా వచ్చేది. సెప్టెంబరు 30న ఏజీఎం, అంటే వాటాదారుల వార్షిక సమావేశం, రిజిస్టరులో సంతకాలు, జీడిపప్పు బిస్కెట్లు, టీ, చేతులెత్తి లెక్కలు ఆమోదించడం, భోజనం. అందరూ ఆయన్ని పొగిడేవారు.

ఆ డివిడెండు ఎక్కడి నుంచి వచ్చేదో పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంది. మరమ్మతుల ఖాతా ఏటా తగ్గుతోంది. కంప్రెసర్లు ఓవర్‌హాల్ చేయించాల్సిన గడువు దాటిపోయింది. గోడల ఇన్సులేషన్ తడిసి ఊడుతోంది, దానివల్ల కరెంటు బిల్లు పెరుగుతోంది. ఆ పెరుగుదలను కరెంటు రేట్లు పెరిగాయని సర్దేవారు. లారీలు తూచే కాటా మాత్రం ఎండీ గారి బంధువులది, దానికి కంపెనీ అద్దె కడుతోంది. మేం ఆడిట్ రిపోర్టులో రాశాం. రాసింది ఎవరూ చదవలేదు.

ఒక ఏజీఎంలో, భర్త పోయాక ఆయన షేర్లు తన పేరు మీదకు మార్చుకున్న ఒక పెద్దావిడ లేచారు. ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "బాబూ, డివిడెండు సంగతి తర్వాత. చాంబర్లో చలి ఎంత ఉంటోంది? మా తేజ మిర్చి టిక్కీలు దించితే రంగు పోయి ఉంది. యార్డులో రేటు తగ్గించారు. డివిడెండు ఇచ్చి నా కాయ పాడుచేస్తే నాకేం లాభం?" హాలంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. సరుకు పక్క స్టోరేజీకి మార్చిన రైతులు ఎంతమందో అప్పుడు బయటపడింది. టెంపరేచర్ రాసే పుస్తకం తెమ్మన్నారు. అంకెలన్నీ ఒకే చేతిరాతతో, ఒకే ఇంకుతో ఉన్నాయి. ఏ రోజుకారోజు రాసింది కాదని చూడగానే తెలిసిపోయింది.

మరుసటి ఏడు ఎండీ మారారు. కొత్తాయన పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. రెండేళ్లు డివిడెండు ఉండదని ముందే చెప్పారు, ఎందుకో కాగితం మీద రాసిచ్చారు. కాటా అద్దె ఒప్పందం తీసేశారు. మూడు నెలలకోసారి వాటాదారులందరికీ తెలుగులో ఒక పేజీ పంపేవారు. ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, కరెంటు బిల్లెంత, బ్యాంకు బాకీ ఎంత, ఏ చాంబరు పని ఎంతవరకు వచ్చింది. హమాలీల కూలి రేటు పెంచినప్పుడు, అదెందుకో కూడా అందులోనే రాశారు. కొన్నాళ్లకు చాంబర్లు మళ్లీ నిండాయి. డివిడెండు తిరిగి మొదలైనప్పుడు పాతదానికన్నా ఎక్కువే వచ్చింది. ఆ ఒక పేజీ తెలుగు ఉత్తరానికి నేను ఇచ్చే విలువ, రంగురంగుల బొమ్మలున్న ఏ వార్షిక నివేదికకూ ఇవ్వను.

మన చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు సభ్యులందరి మేలు కోసం కంపెనీ ఆశయాలను చిత్తశుద్ధితో ముందుకు తీసుకెళ్లాలి. అక్కడితో ఆపలేదు. కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణం, అందరి హితం చూడాలని రాశారు. అమెరికాలో 181 మంది సీఈఓలు ఇలాంటి ప్రకటన మీద సంతకాలు చేస్తే 2019లో ప్రపంచమంతా వార్తయింది. మన దగ్గర అప్పటికి ఆరేళ్ల ముందే అది చట్టంలో ఉంది. అమలు సంగతి మాత్రం అడిగేవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

అడగడానికి ఏం చూడాలి? నేనైతే లాభనష్టాల ఖాతాతో మొదలుపెట్టను. ఐదేళ్ల నికర లాభం కూడి, పక్కనే వ్యాపారం నుంచి వచ్చిన నగదు ఐదేళ్లది కూడి పెట్టుకుంటాను. లాభం కొండలా ఉండి నగదు రాకపోతే ఆ లాభం ఎక్కడో బాకీల్లో ఇరుక్కుంది, లేదా లేదు. తర్వాత సంబంధిత పార్టీల లావాదేవీల నోట్‌కి వెళతాను. అన్న కంపెనీకి అప్పు, భార్య పేరు మీదున్న బిల్డింగుకి అద్దె, ఎవరికీ తెలియని సంస్థకి అడ్వాన్సు, అన్నీ అక్కడే ఉంటాయి. ప్రమోటరు తన షేర్లు ఎంత తాకట్టు పెట్టాడో చూస్తాను. సత్యం తర్వాతే, 2009 జనవరిలో, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ తాకట్టు వివరం బయటపెట్టడం తప్పనిసరి చేసింది. ఆడిటరు మధ్యలో రాజీనామా చేస్తే ఆ ఉత్తరం రెండుసార్లు చదువుతాను. ఇవన్నీ అయ్యాక, ఛైర్మన్ పోయినేడు ఏం చెప్పాడు, ఈ ఏడు దాని గురించి ఏమన్నాడు అని రెండు నివేదికలు పక్కపక్కన పెట్టుకుంటాను. అనుకున్నది జరగనప్పుడు జరగలేదని రాసే ఛైర్మన్ దొరికితే, ఆ కంపెనీని అంత తేలిగ్గా వదలకండి.

వెనక నుంచి ఒకాయన చీటీ పంపారు. "ప్రమోటరుకే అరవై, డెబ్బై శాతం ఉంటే, నా వంద షేర్ల ఓటుకు విలువేముంది సార్?" అని. చాలా మంచి ప్రశ్న, దీనికి జవాబు చెప్పే ముగిస్తాను.

సాధారణ తీర్మానాల్లో మీరన్నది నిజమే. కానీ ప్రమోటరు తనతో తాను చేసుకునే లావాదేవీ, అంటే పరిమితి దాటిన సంబంధిత పార్టీ వ్యవహారం వచ్చినప్పుడు, లిస్టయిన కంపెనీల్లో సంబంధం ఉన్నవాళ్లు దానికి అనుకూలంగా ఓటు వేయడానికి లేదు. అక్కడ మీ వందా, మ్యూచువల్ ఫండ్ల లక్షలూ కలిసి నిర్ణయిస్తాయి. నెస్లే ఇండియాలో అరవై శాతానికి పైగా వాటా స్విట్జర్లాండ్ మాతృసంస్థదే. పేరు, పరిజ్ఞానం వాడుకున్నందుకు ఆ మాతృసంస్థకు కట్టే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి మెల్లమెల్లగా 5.25కి పెంచుతామని 2024లో తీర్మానం పెడితే, మిగతా వాటాదారులు తిప్పికొట్టారు. రాయల్టీ 4.5 దగ్గరే ఆగింది. 2017లో రేమండ్ కంపెనీ ముంబైలోని జేకే హౌస్ ఫ్లాట్లను మార్కెట్ కన్నా బాగా తక్కువకు ప్రమోటరు కుటుంబానికి ఇవ్వాలనుకుంటే, పోలైన ఓట్లలో అత్యధికం వద్దన్నవే. 2021లో ఐషర్ మోటార్స్‌లో ఎండీ నియామకం, జీతం కలిపి పెట్టిన ప్రత్యేక తీర్మానం, అంటే పోలైన ఓట్లలో నాలుగింట మూడొంతులు కావాల్సిన తీర్మానం నెగ్గలేదు. జీతం మీద అభ్యంతరమని అర్థం చేసుకుని, నిబంధనలు మార్చి మళ్లీ తెచ్చారు.

కాబట్టి సార్, ఆగస్టు, సెప్టెంబరుల్లో మీ ఈమెయిల్‌కి ఏజీఎం నోటీసులు వస్తాయి. కనీసం 21 రోజుల ముందు రావాలి. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, సమావేశం ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. మీ డీమ్యాట్ లాగిన్‌తోనే ఓటు వేయొచ్చు. ఇప్పుడు చాలా ఏజీఎంలు వీడియోలో జరుగుతున్నాయి, మాట్లాడతానని ముందుగా పేరు ఇచ్చుకుంటే విజయవాడలో మీ ఇంట్లో కూర్చునే ఛైర్మన్‌ను అడగొచ్చు. తీర్మానాల కింద ఉండే వివరణ పత్రం ముందు చదవండి, అసలు విషయం అందులోనే ఉంటుంది. నోటీసు అర్థం కాకపోతే నా దగ్గరకు తీసుకురండి, ఫీజు అక్కర్లేదు. ఇప్పుడు మిగతా ప్రశ్నలు తీసుకుందాం. ముందు ఆ మూడో వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైకివ్వండి.